విన్నదెంత, చెప్పిందెంత: వైద్యసిబ్బంది మాటను తూచే రెండు కొలమానాలు

షుగరు, బీపీ, తాగుడు, పొగాకు, సగంలో ఆపేసిన క్షయ మందులు. వీటిలో దేనికీ చీటీ రాసిచ్చి పంపేస్తే సరిపోదు. రోగి తిండి మారాలి, అలవాటు మారాలి, రోజు గడిచే తీరు మారాలి. మార్చుకోమని చెప్పే డాక్టర్లకు, నర్సులకు, కౌన్సెలర్లకు మనకు కొదవ లేదు. చెప్పినంత మాత్రాన మారేవాళ్లు తక్కువని వాళ్లకూ తెలుసు. అయినా ఓపీ గదుల్లో చెప్పడమే జరుగుతోంది, వినడం జరగడం లేదు.

రోగిని మార్పు వైపు తోయకుండా, మారాలన్న కోరికను అతని నోటనే పలికించే సంభాషణ పద్ధతి ఒకటి నలభై ఏళ్లుగా ఉంది. దాని పేరు మోటివేషనల్ ఇంటర్వ్యూయింగ్. అమెరికన్ మనస్తత్వవేత్త విలియం మిల్లర్ తాగుడు సమస్య ఉన్నవారితో మాట్లాడే తీరు గురించి 1983లో రాసిన వ్యాసం దీనికి మూలం. తర్వాత ఆయనకు స్టీఫెన్ రోల్నిక్ తోడయ్యారు. ఇద్దరూ కలిసి 1991లో పుస్తకం రాశారు. దాని నాలుగో కూర్పు 2023లో వచ్చింది. ఈ పద్ధతికి ఆధారమైన గమనిక చాలా చిన్నది. మార్పు కోసం మనం వాదిస్తే, మారకపోవడం కోసం రోగి వాదిస్తాడు. ఆ వాదన పైకి పలికిన కొద్దీ అతనిలో అదే గట్టిపడుతుంది. అందుకే తప్పు కనబడగానే దిద్దాలన్న తహతహను వైద్యుడు అదుపులో పెట్టుకోవాలి.

ఇది వినడానికి తేలిక, చేయడానికి కష్టం. ఎంత కష్టమో, చేశామో లేదో తెలుసుకోవడం కూడా అంత కష్టం. శిక్షణ తీసుకున్న నర్సుకు ఈ నైపుణ్యం నిజంగా అబ్బిందా అన్న ప్రశ్నకు జవాబుగా రెండు కొలమానాలు ఒకే ఏడాది, 2005లో, పరిశోధన పత్రికలకెక్కాయి. ఒకటి అమెరికాలోని న్యూ మెక్సికో విశ్వవిద్యాలయంలో థెరిసా మోయర్స్ బృందం తయారుచేసిన ‘మోటివేషనల్ ఇంటర్వ్యూయింగ్ ట్రీట్‌మెంట్ ఇంటెగ్రిటీ’ పట్టిక. రెండోది బ్రిటన్‌లోని కార్డిఫ్‌లో క్లేర్ లేన్, రోల్నిక్ తదితరులు రూపొందించిన ‘బిహేవియర్ చేంజ్ కౌన్సెలింగ్ ఇండెక్స్’. పొడి అక్షరాలు కలిపి మొదటిదాన్ని మిటి అని, రెండోదాన్ని బెక్కి అని పిలుద్దాం. మిటి ఆ తర్వాత చాలాసార్లు మారింది. ఇక్కడ నేను చూస్తున్నది 4.2.1 రూపం.

ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడటం పరిశోధకులకు మాత్రమే సంబంధించిన పని కాదు. ఎంబీబీఎస్ పాఠ్యక్రమంలో వైఖరి, నైతికత, సంభాషణలకు చోటిచ్చిన ‘ఎట్‌కామ్’ విభాగం 2019 నుంచి అమల్లో ఉంది. నర్సులకు, ఆశా కార్యకర్తలకు, పొగాకు మాన్పించే కౌన్సెలర్లకు కౌన్సెలింగ్ శిక్షణలు జరుగుతూనే ఉన్నాయి. నేర్పడం మొదలుపెట్టాం. నేర్చుకున్నారో లేదో ఎలా తేల్చాలన్నది మనమింకా గట్టిగా ఆలోచించని ప్రశ్న.

రెండింటి ఉమ్మడి పునాది

తేడాల్లోకి వెళ్లేముందు ఈ రెండూ కలిసి తోసిపుచ్చిన మూడో దారి గురించి చెప్పాలి. మన శిక్షణల్లో అందరికీ అలవాటైన దారి అదే. శిక్షణకు ముందో ప్రశ్నపత్రం, తర్వాతో ప్రశ్నపత్రం, చివరికి ‘మీకు ఎంత నమ్మకం పెరిగింది’ అని ఓ ఫారం. మార్కులు పెరుగుతాయి, నివేదిక తయారవుతుంది.

ఆ మార్కులను నమ్మకూడదని చెప్పింది స్వయంగా మిల్లరే. 2001లో ఆయన, క్యాథరిన్ మౌంట్ కలిసి ఒక వర్క్‌షాప్ ఫలితాన్ని పరిశీలించారు. హాజరైనవాళ్లు తమ నైపుణ్యం బాగా పెరిగిందని రాసిచ్చారు. వాళ్ల సంభాషణల రికార్డింగులు వింటే మార్పు కొద్దిగానే కనబడింది. ఎదుటివాళ్లు స్పందించే తీరు మాత్రం మారలేదు. 2004లో 140 మంది వ్యసన చికిత్సకులతో జరిగిన పెద్ద అధ్యయనం ఇంకా కచ్చితంగా తేల్చింది. తమ నైపుణ్యం గురించి వాళ్లు స్వయంగా చెప్పుకున్నదానికీ, రికార్డింగుల్లో బయటపడ్డ నైపుణ్యానికీ సంబంధమే లేదు. అదే అధ్యయనం మేలుచేసే విషయం మరొకటి కూడా చూపింది. వర్క్‌షాప్ తర్వాత వాళ్ల సంభాషణలు విని లోటుపాట్లు చెప్పినా, వెంట ఉండి సాధన చేయించినా నైపుణ్యం మరింత పెరిగింది.

కాబట్టి మిటి, బెక్కి రెండూ ఒకే చోట నిలబడి మొదలవుతాయి. వైద్యసిబ్బందికి ఏం తెలుసు అని అవి అడగవు. రోగి ఎదుట ఏమన్నారో వింటాయి. ఆ ఒక్క కారణంగా ఈ రెండింటిలో ఏది వాడినా ప్రశ్నపత్రం కంటే మేలే. ఇక్కడి నుంచి దారులు వేరవుతాయి.

మిటి: మాట మాటకూ లెక్క

మిటి పుట్టిన చోటు మానసిక చికిత్స పరిశోధన. తొలుత మిల్లర్ బృందం చికిత్సకుడి మాటలు, రోగి మాటలు రెండూ నమోదుచేసే విస్తారమైన పట్టిక ఒకటి తయారుచేసింది. దాన్ని వాడటానికి పట్టే శ్రమ చూసి, చికిత్సకుడి వైపు మాత్రమే చూసేలా కుదించిన రూపం మిటి.

దీని పని ఇలా ఉంటుంది. సంభాషణ రికార్డింగులోంచి 20 నిమిషాల భాగం తీసుకుంటారు. ఏ అలవాటు గురించి మాట్లాడుతున్నారో ముందే పేర్కొంటారు. వినేవారు రెండు రకాల తీర్పులు ఇవ్వాలి. మొదటిది మొత్తం మీద కలిగిన అభిప్రాయం. మార్పు మాటను పెంచారా, మారలేననే మాటను మెత్తబరిచారా, రోగిని భాగస్వామిగా చూశారా, అతని కోణం అర్థం చేసుకున్నారా అనే నాలుగింటికి ఒకటి నుంచి ఐదు దాకా స్కోరు వేస్తారు. రెండోది అభిప్రాయానికి తావులేని లెక్క. వైద్యసిబ్బంది అన్న మాటలను పది పద్దుల్లో వేస్తారు. ప్రశ్న అడగడం, రోగి మాటను ఉన్నదున్నట్టు తిరిగి చెప్పడం, ఆ మాట వెనకున్న లోమాటను పట్టి చెప్పడం, సమాచారం ఇవ్వడం, ఒప్పించబోవడం, అనుమతి తీసుకుని ఒప్పించబోవడం, మంచిని గుర్తించి చెప్పడం, సహకారం కోరడం, నిర్ణయం రోగిదేనని నొక్కిచెప్పడం, నిలదీయడం.

ఈ లెక్కల నుంచి తేలే నిష్పత్తుల్లోనే మిటి బలమంతా ఉంది. ఒక ప్రశ్నకు విన్నది తిరిగి చెప్పిన మాట ఒకటైనా ఉంటే ఫరవాలేదు, రెండుంటే మంచిది. తిరిగి చెప్పినవాటిలో లోమాట పట్టినవి 40 శాతం ఉంటే ఫరవాలేదు, 50 శాతం ఉంటే మంచిది. నర్సు చేతికి ఈ అంకెలు వస్తే తను చేయాల్సిందేమిటో వెంటనే తెలుస్తుంది. ‘ఇంకా సానుభూతితో మాట్లాడండి’ అన్న సలహా ఎవరికీ పనికిరాదు. ‘పన్నెండు ప్రశ్నలు వేశారు, విన్నది రెండుసార్లే తిరిగి చెప్పారు’ అంటే పనికొస్తుంది.

బెక్కి: గదికి తగ్గ కొలత

బెక్కి పుట్టిన చోటు వేరు. రోల్నిక్, ఆయన సహచరులు 1990ల్లో ఈ పద్ధతిని వ్యసన చికిత్స కేంద్రాల నుంచి మామూలు డాక్టరు గదికి తీసుకువచ్చే ప్రయత్నంలో ఉన్నారు. అక్కడ గంటసేపు కూర్చునే మానసిక చికిత్సకుడు ఉండడు. బీపీ చూసి, మందు రాసి, ఆ మధ్యలోనే అలవాటు గురించి నాలుగు మాటలాడే డాక్టరో నర్సో ఉంటారు. ఆ నాలుగు మాటలకు ‘బిహేవియర్ చేంజ్ కౌన్సెలింగ్’ అని వేరే పేరు పెట్టి, దానికి తగ్గ కొలమానంగా బెక్కిని తయారుచేశారు.

ఇందులో పదకొండు అంశాలు ఉంటాయి. మార్పు గురించి మాట్లాడమని రోగిని ఆహ్వానించారా? ఇతర సమస్యల ప్రస్తావన వస్తే పట్టించుకున్నారా? ఇప్పుడున్న స్థితి గురించి, రాబోయే మార్పు గురించి మాట్లాడనిచ్చారా? ఏమనుకుంటున్నారో, ఎలా అనిపిస్తోందో అడిగారా? శ్రద్ధగా విన్నామని తెలిసేలా మాట్లాడారా? చెప్పినదంతా ఒకచోట కూర్చి వినిపించారా? రోగికి ఎదురయ్యే కష్టాన్ని ఒప్పుకున్నారా? సమాచారం ఇచ్చేటప్పుడు అతని భయాలను, అవగాహనను దృష్టిలో పెట్టుకున్నారా? ఎంపిక అతనిదేనన్న గౌరవం చూపారా? ఎలా మారవచ్చో ఇద్దరూ కలిసి ఆలోచించారా? ఒక్కో అంశానికి సున్నా నుంచి నాలుగు దాకా స్కోరు. చివర్లో ఇంకో చిన్న ప్రశ్న ఉంటుంది. వైద్యసిబ్బంది సగం కంటే ఎక్కువసేపు మాట్లాడారా, సగమా, తక్కువా?

ఆ చివరి ప్రశ్న ఒక్కటే మన ఓపీ గదుల్లో అడిగినా చాలా విషయాలు బయటపడతాయి.

ఒకే సంభాషణ, రెండు తూనికలు

పోలిక గాల్లో ఉండకూడదు కాబట్టి ఒక సంభాషణను ఊహించుకుందాం. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో షుగరు రోగులను చూసే రోజు. యాభై దాటిన రైతు, ఎదురుగా స్టాఫ్ నర్సు.

మొదటి రకం సంభాషణ ఇలా సాగుతుంది.

“మాత్రలు వేసుకుంటున్నారా? అన్నం తగ్గించమన్నాం, తగ్గించారా?”

“మాత్రలు వేసుకుంటున్నా మేడమ్. అన్నం మాత్రం తగ్గించలేకపోతున్నా. పొలం పనికి పోతే ఓపిక ఉండట్లేదు.”

“ఇట్లాగే తింటే రేపు కాలు తీసెయ్యాల్సొస్తుంది. పిల్లల్ని చూసైనా తగ్గించుకోవాలి.”

“సరే మేడమ్, చూస్తాను.”

ఆ ‘చూస్తాను’తో సంభాషణ ముగిసిపోయిందని ఓపీలో పనిచేసిన ఎవరికైనా తెలుసు. రైతు ఒక కారణం చెప్పాడు, దానికి జవాబు రాలేదు. మిటి ఇక్కడ ప్రశ్నను ప్రశ్నగా వేసుకుంటుంది. భయపెట్టిన మాటను నిలదీయడంగానో, అనుమతి లేకుండా ఒప్పించబోవడంగానో నమోదుచేస్తుంది. తిరిగి చెప్పిన మాటలు సున్నా. బెక్కి తన పదకొండు అంశాల్లో చాలావాటికి సున్నాయే వేస్తుంది. ఇప్పటి అలవాటు గురించి అడిగారు కాబట్టి ఆ ఒక్కచోట కాస్త స్కోరు రావచ్చు.

అదే రైతు ‘ఓపిక ఉండట్లేదు’ అన్న తర్వాత మాట ఇంకోలా సాగిందనుకుందాం.

“అన్నం తగ్గిస్తే పొలంలో నిలబడలేనేమోనన్న భయం మిమ్మల్ని ఆపుతోంది.”

“అవును మేడమ్. కానీ ఈ మధ్య పాదాలు తిమ్మిరెక్కుతున్నాయి. రాత్రి నిద్ర ఉండట్లేదు. ఇట్లా ఎన్నాళ్లని అనిపిస్తోంది.”

“ఆ తిమ్మిరి చూశాక, ఇక ఊరుకుంటే లాభం లేదని మీకే అనిపిస్తోంది. పనికి ఇబ్బంది రాకుండా ఎక్కడ మార్చుకోగలనని అనుకుంటున్నారు?”

“రాత్రిపూట అన్నం బదులు జొన్నరొట్టె తినగలనేమో. పగలు మాత్రం కష్టం.”

“రాత్రి నుంచి మొదలుపెడితే మీకు వీలుగా ఉంటుంది. రొట్టె ఎంత తినొచ్చో నాకు తెలిసింది చెప్పమంటారా?”

మిటి లెక్కలో ఇక్కడ తిరిగి చెప్పిన మాటలు మూడు. మొదటి రెండూ లోమాట పట్టినవి. ప్రశ్న ఒకటి. చివర్లో అనుమతి అడగడం సహకారం కోరడం కిందికి వస్తుంది. మొదటి మాటలో రైతు అనని ‘భయం’ అనే సంగతిని నర్సు పట్టుకుంది. రెండో మాటలో అతను అటూ ఇటూ ఊగుతుంటే మార్పు వైపు ఉన్న సగాన్ని ఎంచుకుని వినిపించింది. సంభాషణ మలుపు తిరిగింది సరిగ్గా అక్కడే. మిటి ఆ మలుపును వేలుపెట్టి చూపిస్తుంది.

బెక్కి ఇదే సంభాషణకు మంచి స్కోరు వేస్తుంది. కష్టాన్ని ఒప్పుకోవడం, వినడం, మార్పు గురించి మాట్లాడించడం, కలిసి ఆలోచించడం, అన్నింటికీ మార్కులుంటాయి. విన్నదంతా ఒకచోట కూర్చి చెప్పలేదు కాబట్టి అక్కడ సున్నా. ఏ మాట ఈ స్కోరు తెచ్చిపెట్టిందో మాత్రం అది చెప్పదు. బాగుందని చెబుతుంది, ఎందుకు బాగుందో శిక్షకుడే విడమరచాలి.

బెక్కి లోటు

బెక్కిలో పెద్ద లోటు నా దృష్టిలో ఒకటే. దాని అంశాలన్నీ చేయవలసిన మంచి గురించే. చేయకూడని చెడుకు అందులో గడి లేదు. ఒక నర్సు శ్రద్ధగా విని, కష్టం ఒప్పుకుని, ఎంపిక మీదేనని చెప్పి, చివర్లో ‘ఇంత చెప్పినా వినకపోతే మీ ఖర్మ’ అందనుకోండి. సంభాషణ మొత్తాన్ని విషం చేయడానికి ఆ ఒక్క మాట చాలు. బెక్కి స్కోరులో అది ఒకటి రెండు మార్కుల తగ్గుదలగా కరిగిపోతుంది. మిటిలో నిలదీయడం అనే పద్దులో విడిగా నిలబడి కనబడుతుంది.

వైద్యంలో హాని చేయకపోవడం మొదటి ధర్మం. సంభాషణలోనూ అంతే. అవమానపడిన రోగి మళ్లీ రాడు. రాని రోగికి ఎంత మంచి కౌన్సెలింగ్ సిద్ధంగా ఉన్నా వృథా. హానిని విడిగా లెక్కించని కొలమానం ఈ విషయంలో మిటి ముందు తల వంచక తప్పదు.

మిటి లోటు

మిటిలో లోట్లు ఇంకా ఎక్కువ, కానీ వేరే రకమైనవి. మొదటిది కాలం. అది 20 నిమిషాల సంభాషణను అడుగుతుంది. ప్రాథమిక వైద్యంలో డాక్టరు రోగికి ఎంతసేపు ఇస్తాడన్నదాని మీద 67 దేశాల సమాచారం కూర్చి 2017లో ఒక సమీక్ష వచ్చింది. బంగ్లాదేశ్‌లో 48 సెకన్ల నుంచి స్వీడన్‌లో 22.5 నిమిషాల దాకా తేడా ఉంది. ప్రపంచ జనాభాలో దాదాపు సగం నివసించే 18 దేశాల్లో అది ఐదు నిమిషాలు దాటడం లేదు. స్వీడన్ గదికి అమరే కొలతను మన గదికి తెచ్చి, గది చిన్నదని నిందించలేం.

రెండోది మనుషులు. ఏ మాట ఏ పద్దులోకి వస్తుందో ఇద్దరు వేర్వేరుగా విని ఒకే నిర్ణయానికి రావాలంటే చాలా రోజుల సాధన కావాలి. అటువంటి శ్రోతలు లేకుండా మిటి వాడితే వచ్చే అంకెలు అలంకారానికే.

మూడోది ఆ అంకెల ఆధారం. ‘ఫరవాలేదు’, ‘మంచిది’ అనే గీతలు నిపుణుల అభిప్రాయం మీద గీసినవేనని, వాటికి దన్నుగా సమాచారం ఇంకా లేదని మిటి నియమావళే రాసుకుంది. ఆ నిజాయితీని మెచ్చుకోవాలి. అయితే అంకెకు ఒక మాయ ఉంది. ఒకసారి కాగితం మీదికెక్కితే దాని కింద రాసిన హెచ్చరికను ఎవరూ చదవరు. నిష్పత్తి కోసం రోగి మాటను చిలకలా తిరిగి వల్లించే నర్సులను తయారుచేసే ప్రమాదం ఇందులో ఉంది. లోమాట పట్టినవాటికి వేరే లెక్క పెట్టి, అర్థం చేసుకోవడానికి వేరే స్కోరు పెట్టి మిటి ఆ ప్రమాదాన్ని కొంత అరికట్టింది, పూర్తిగా కాదు.

నాలుగోది నర్సు పని స్వభావానికి సంబంధించినది. ఇన్సులిన్ ఎలా వేసుకోవాలో, పాదాలు ఎలా చూసుకోవాలో చెప్పడం నర్సు కర్తవ్యం. మిటిలో సమాచారం ఇవ్వడం అనేది మంచీ చెడూ కాని ఒక లెక్క మాత్రమే. ఆ సమాచారం రోగికి అందేలా చెప్పారా అన్నదానికి బెక్కి ఒక అంశమే కేటాయించింది. మానసిక చికిత్సకుడి గది నుంచి వచ్చిన కొలతకూ, డాక్టరు గది నుంచి వచ్చిన కొలతకూ తేడా ఇక్కడ స్పష్టంగా తెలుస్తుంది.

రెండింటికీ అందనివి

ఈ రెండు కొలమానాలూ ఇంగ్లిషు మాట్లాడే గదుల్లో, ఒకరికెదురుగా ఒకరు కూర్చున్న చోట పుట్టాయి. తెలుగునాట ఓపీ గది అలా ఉండదు. రోగితో పాటు భార్యో, కొడుకో, పక్కింటాయనో ఉంటారు. “ఈయన అసలు మాట వినడు మేడమ్, మీరైనా గట్టిగా చెప్పండి” అని భార్య అంటుంది. నర్సు ఎవరి మాటను తిరిగి చెప్పాలి? భర్తను మందలించమని భార్య అడిగితే దాన్ని ఒప్పించడానికి దొరికిన అనుమతిగా లెక్కించాలా? మిటికీ బెక్కికీ మూడో మనిషి కోసం గడి లేదు. తెలుగులో వీటిని వాడాలనుకునేవాళ్లు మొదట తేల్చుకోవలసిన నియమం ఇదే. నా అభిప్రాయంలో అనుమతి రోగి నోటి నుంచి వచ్చినప్పుడే అనుమతి.

ప్రశ్నను, తిరిగి చెప్పిన మాటను వేరుచేయడంలోనూ మనకు మన నియమాలు కావాలి. ‘భయంగా ఉందా?’ అంటే ప్రశ్న, ‘భయంగా ఉందంటారు’ అంటే విన్నానని చెప్పడం. ‘భయంగా ఉంది కదా’ అన్నది గొంతును బట్టి ఎటైనా మొగ్గవచ్చు. నిష్పత్తి మొత్తం ఈ తేడా మీదే ఆధారపడి ఉంది కాబట్టి, తెలుగు రికార్డింగులు వినేవాళ్లు కూర్చుని ఉదాహరణలతో ఒక పట్టిక రాసుకోవాలి. అనువదించిన ఫారం తెచ్చి చేతికిస్తే ఈ పని జరగదు.

పెద్దవయసు రోగిని ‘నువ్వు’ అనడం, పేదవాళ్లతో మాట్లాడేటప్పుడు గొంతు మారిపోవడం కూడా ఈ పట్టికల్లో నేరుగా కనబడవు. భాగస్వామ్యం, గౌరవం అనే అంశాల కింద శ్రోత వాటిని గమనించాలి. గమనించాలని శిక్షణలో విడిగా చెప్పకపోతే గమనించరు, ఎందుకంటే ఆ మాటతీరు మనకు అంతగా అలవాటైపోయింది.

“నాకేం తెలుసు, మీరే చెప్పండి మేడమ్” అనే రోగి మాట కూడా మన గదుల్లో తరచుగా వినబడేదే. ఈ పద్ధతి మన దగ్గర పనికిరాదనేవాళ్లు దీన్నే సాక్ష్యంగా చూపిస్తారు. ఆ వాదన నిలవదు. రోగి స్వయంగా అడిగినప్పుడు సలహా ఇవ్వడం మిటి లెక్కలో అనుమతితో చెప్పడమే, తప్పు కాదు. బెక్కి కూడా సమాచారం ఇవ్వొద్దనదు, ఎలా ఇచ్చారని అడుగుతుంది. ఈ పద్ధతి సలహాకు విరోధి కాదు. అడగని సలహాకు, విననివ్వని సలహాకు మాత్రమే విరోధి.

ఇంకో పెద్ద లోటు రెండింటికీ ఉమ్మడి. రోగి ఏమన్నాడో ఏదీ లెక్కించదు. మారతానన్న మాటలు పెరిగాయా, ఆ మాటల్లో బలం పెరిగిందా అన్నది చూడాలంటే మిటికి మూలమైన పాత పెద్ద పట్టికకే పోవాలి. సౌలభ్యం కోసం రెండు కొలమానాలూ చెల్లించిన మూల్యం ఇది. కొలిచేది వైద్యసిబ్బంది నైపుణ్యాన్నే అయినా, ఆ నైపుణ్యానికి పరీక్ష రోగి నోట వచ్చే తర్వాతి మాటలోనే జరుగుతుంది. స్కోరు వేసే శిక్షకుడు కనీసం ఒక చెవి అటు వేసి ఉంచాలి.

ఏది ఎవరికి

రెండూ మంచివేనని చెప్పి తప్పుకోవడం విమర్శ అనిపించుకోదు. నా తీర్పు ఇది. నైపుణ్యాన్ని విడదీసి చూపడంలో మిటి మేలైన కొలమానం. హానిని పట్టుకోవడంలోనూ అదే మేలు. మన ఆరోగ్య కేంద్రాల్లో రోజువారీ వాడకానికి మాత్రం బెక్కిదే పైచేయి. అది చిన్న సంభాషణకు సరిపోతుంది, నర్సు పనిని నర్సు పనిగా గౌరవిస్తుంది, ఒక సీనియర్ నర్సు కొద్దిపాటి శిక్షణతో వాడుకోగలుగుతుంది.

అందుచేత శిక్షకులను తయారుచేసే చోట, పరిశోధన జరిగే చోట మిటి ఉండాలి. శిక్షకుల సొంత సంభాషణలు మిటితో తూగాకే వాళ్లను ఇతరులకు నేర్పడానికి పంపాలి. క్షేత్రంలో బెక్కి ఉండాలి, దాని పక్కన మిటి నుంచి తెచ్చుకున్న రెండు గడులు అదనంగా ఉండాలి. ఒకటి, నిలదీసిన మాటలెన్ని. రెండు, వేసిన ప్రశ్నలెన్ని, తిరిగి చెప్పిన మాటలెన్ని. ఈ రెండు గడులతో బెక్కి పెద్ద లోటు పూడుతుంది, వాడేవాళ్ల మీద భారం పెద్దగా పెరగదు. ఇలా కలిపిన పట్టికను మూల కొలమానం పేరుతో ప్రకటించకూడదు. నేర్పడానికి వాడుకునే సాధనంగానే ఉంచుకోవాలి.

దీనికి కొన్ని షరతులున్నాయి. రోగి అనుమతి లేకుండా రికార్డు చేయకూడదు. క్షయ, హెచ్ఐవీ, తాగుడు వంటి విషయాల్లో రికార్డింగు బయటికి పొక్కితే ఆ మనిషి జీవితమే దెబ్బతింటుంది. కనుక అటువంటి చోట రోగిగా నటించే వ్యక్తితో మాట్లాడించి వినడం మంచిది. విన్న రికార్డింగును పని పూర్తవగానే చెరిపేయాలి. అన్నిటికంటే ముఖ్యం, ఈ స్కోరును బదిలీలకు, ఇంక్రిమెంట్లకు, మెమోలకు ముడిపెట్టకూడదు. రోగిని భయపెట్టకుండా మాట్లాడటం నేర్పే కొలతతోనే నర్సును భయపెడితే, ఆమె నేర్చుకునేది భయపెట్టడమే.

పంతొమ్మిది గ్రామాల బాధ్యత మోస్తూ రోజుకు వందమందిని చూస్తున్నామని సిబ్బంది అంటే ఆ మాటలో నిజం ఉండొచ్చు. దానికి జవాబు కొలమానంలో లేదు, అదనపు నియామకాల్లో ఉంది. ఏ స్కోరు పట్టికా ఖాళీ పోస్టును భర్తీ చేయదు. అయితే ఉన్న రెండు నిమిషాల్లో ఒక బెదిరింపు బదులు, విన్నానని తెలిపే ఒక మాట అనడానికి అదనపు సమయం అక్కర్లేదు. పైన చూసిన రెండు సంభాషణల్లో ‘కాలు తీసెయ్యాల్సొస్తుంది’ అన్న మాటకూ, ‘భయం మిమ్మల్ని ఆపుతోంది’ అన్న మాటకూ పట్టే కాలం ఒక్కటే.

నర్సింగ్ కళాశాలల ప్రిన్సిపాళ్లకు, వైద్య కళాశాలల్లో సంభాషణ నైపుణ్యాలు బోధించే అధ్యాపకులకు, జిల్లా ఆరోగ్య కార్యక్రమాలు నడిపే అధికారులకు నా విజ్ఞప్తి ఒక్కటే. వచ్చే శిక్షణ ముగిశాక ప్రశ్నపత్రం పంచకండి. హాజరైన ప్రతి ఒక్కరి నుంచి, రోగి సమ్మతితో, ఒక నిజమైన సంభాషణ తీసుకోండి. దాన్ని వారితో కలిసి కూర్చుని వినండి. పదకొండు అంశాల పట్టిక దగ్గర పెట్టుకోండి, నిలదీసిన మాటలు విడిగా లెక్కపెట్టండి. నెల తర్వాత మళ్లీ వినండి. ఇన్నాళ్లూ మనం కొలిచింది సిబ్బందికి ఏం తెలుసన్నది మాత్రమే. రోగికి ఏం అందిందో కొలవడం ఇకనైనా మొదలుపెట్టండి.